టికెట్ మీద "శనివారం, 12:20 ఏఎం" అని ఉంటే బస్సు ఎక్కాల్సింది ఏ రాత్రి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. బెంగళూరు కె.ఆర్.పురం నుంచి నెల్లూరుకి స్లీపర్ టికెట్ తీశారు. దాని మీద "శనివారం 14, 12:20 ఏఎం" అని ఉంది. మీ రూమ్మేట్ శుక్రవారం రాత్రే ఎక్కాలంటున్నాడు, మీరేమో శనివారం ఆఫీసు అయ్యాక అనుకుని టికెట్ తీశారు. ఆదివారం పొద్దున మీ అక్క నిశ్చితార్థం. ఇది చాలదన్నట్టు, "12 పీఎం అంటే అర్ధరాత్రి కదా, అప్పుడు 12 ఏఎం మధ్యాహ్నం అవ్వాలి కదా" అని ఇంకో అనుమానం.

మీ రూమ్మేట్ చెప్పిందే కరెక్ట్. ఈ బస్సు శుక్రవారం రాత్రి అన్నం తిని ఎక్కాల్సిన బస్సు. రాత్రి 11:45కల్లా పికప్ పాయింట్ దగ్గర ఉండాలి. శనివారం రాత్రి వెళ్తే మీ బస్సు అప్పటికి నెల్లూరు వెళ్లి, దిగినవాళ్లు దిగిపోయి, ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. రెండో అనుమానానికి కూడా జవాబు చిన్నదే: 12 ఏఎం అర్ధరాత్రి, 12 పీఎం మిట్టమధ్యాహ్నం. మీరు తిరగేసి అనుకున్నారు.

నేను మారతహళ్లిలో చాలా ఏళ్లుగా బస్సు, రైలు టికెట్ల కౌంటర్ నడుపుతున్నాను. కస్టమర్లలో ఎక్కువమంది మన ఆంధ్రా, తెలంగాణ వాళ్లే. రాత్రి పన్నెండు నుంచి రెండింటి మధ్య బస్సుల టికెట్లు తీసుకునేవాళ్లకి డబ్బులు తీసుకునే ముందు ఒక్క మాట అడుగుతాను: "ఏ రోజు రాత్రి అన్నం తిని బయల్దేరతారు?" తేదీ ఎంత అని అడిగితే టికెట్ మీద ఉన్నదే చదివి చెప్తారు, దానివల్ల నాకేమీ తెలియదు. అన్నం సంగతి అడిగితే అసలు మనసులో ఏ రాత్రి అనుకుంటున్నారో బయటపడుతుంది.

ముందు ఏఎం, పీఎం సంగతి తేల్చేద్దాం. ఏఎం అంటే మధ్యాహ్నానికి ముందు, పీఎం అంటే మధ్యాహ్నం తర్వాత. రెండూ లాటిన్ మాటల పొట్టి రూపాలు. ఈ లెక్కన సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు అనేది ముందూ కాదు, తర్వాతా కాదు, అదే మధ్యాహ్నం. అర్ధరాత్రి పన్నెండేమో అంతకు ముందు మధ్యాహ్నానికి పన్నెండు గంటల తర్వాత, మర్నాటి మధ్యాహ్నానికి పన్నెండు గంటల ముందు. అంటే ఖచ్చితంగా మాట్లాడితే ఆ రెండు క్షణాలకీ ఏ పేరూ అతకదు. మీకు అనుమానం రావడంలో తప్పేమీ లేదు. అమెరికా ప్రభుత్వం తన కాగితాలు ఎలా రాయాలో చెప్పే స్టైల్ మాన్యువల్ 2000 ఎడిషన్‌లో మీలాగే 12 ఏఎం మధ్యాహ్నం, 12 పీఎం అర్ధరాత్రి అని రాసుకుంది. 2008 ఎడిషన్‌లో దాన్ని తిరగేశారు. అక్కడే కొలతలు, ప్రమాణాల పని చూసే నిస్ట్ అనే సంస్థ అయితే అసలు 12 ఏఎం, 12 పీఎం అని రాయొద్దు, గందరగోళం అంటుంది. కాంట్రాక్టులు, ఇన్సూరెన్స్ లాంటి చోట్ల 11:59 పీఎం అనో 12:01 ఏఎం అనో రాసుకోమంటుంది.

మరి మన ఫోన్లు, టికెట్ల సాఫ్ట్‌వేర్లు 12 పీఎంని మధ్యాహ్నం అని ఎందుకు చూపిస్తాయి? మధ్యాహ్నం పన్నెండు దాటి ఒక్క నిమిషం అయినా అది పీఎం అనడంలో ఎవరికీ అనుమానం లేదు కదా. 12:01 పీఎం అయినప్పుడు దాని ముందున్న 12:00 ఒక్కదాన్నీ ఏఎంలో వదిలేస్తే గడియారం నిమిషానికోసారి మాట మార్చినట్టు ఉంటుంది. అందుకే ఆ గంట మొత్తాన్నీ పీఎంలో కలిపేశారు. అర్ధరాత్రి సంగతీ అంతే. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే: ఏఎం, పీఎం లెక్కలో 12 అనేది పదకొండు తర్వాత వచ్చే పెద్ద అంకె కాదు, ఒంటిగంటకు ముందు వచ్చే సున్నా. వరస 12, 1, 2, 3 అని మొదలై 11తో అయిపోతుంది. 12:20 ఏఎంని 0:20 అని చదవండి, తికమక పోతుంది. రైల్వే టికెట్ మీద ఇదే 00:20 అని ఉంటుంది.

ఇక్కడితో అయిపోతే నేను ఇంత పెద్ద సమాధానం రాయను. ఇన్నేళ్లలో నేను చూసింది ఏంటంటే, బస్సు తప్పిపోయేవాళ్లలో చాలామందికి 12 ఏఎం అంటే అర్ధరాత్రి అని తెలుసు. వాళ్లు తప్పేది గంట దగ్గర కాదు, తేదీ దగ్గర.

మన ఇళ్లలో రోజు మారేది అర్ధరాత్రి కాదు, తెల్లవారితే. "శుక్రవారం రాత్రి ఒంటిగంటకు లేచాను" అంటాం కానీ "శనివారం ఒంటిగంటకు" అనం. పెద్దవాళ్లయితే ఇంకా స్పష్టంగా "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం" అంటారు. పంచాంగంలో వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం వరకు. అర్ధరాత్రి దాటాక పడే తిథి, నక్షత్రాలకి కూడా ఆ రోజు కిందే "తె." అని పెట్టి గంటలు రాస్తారు. రాత్రి ఒకటిన్నరకు పుట్టిన బిడ్డకి జాతకంలో శుక్రవారం, బర్త్ సర్టిఫికెట్‌లో శనివారం తేదీ పడేది ఇందుకే. అదేం మన పాతకాలపు చాదస్తం కూడా కాదు. జపాన్‌లో టీవీ వాళ్లు రాత్రి ఒంటిగంట ప్రోగ్రామ్‌ని "25 గంటలు" అని ముందు రోజు కిందే వేస్తారు. నిద్రపోయే మనిషికి రాత్రి అనేది ఒకటే ముక్క, మధ్యలో తెగదు. టికెట్ సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని సరిగ్గా నడుమ తెంపుతుంది. "శనివారం" అనగానే మనం శనివారం పొద్దున లేచి, పనులు చూసుకుని, రాత్రికి బస్సు అనుకుంటాం. దాని లెక్కలో శనివారం మొదలై అప్పటికి ఇరవై నిమిషాలే అయింది.

ఇదే మనుషులు పుట్టినరోజు విషయంలో ఒక్కసారి కూడా తప్పరు చూడండి. 14న పుట్టినరోజయితే 13 రాత్రి పన్నెండుకే కేకు పెట్టి తలుపు కొడతారు. 2016 నవంబర్ 8 రాత్రి ఎనిమిదింటికి టీవీలో పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చినప్పుడు "ఈ రోజు అర్ధరాత్రి నుంచి" అన్నారు. ఏ అర్ధరాత్రి అని దేశంలో ఎవరూ అడగలేదు, ఉన్న నాలుగు గంటల్లోనే బంగారం కొట్ల దగ్గర క్యూ కట్టారు. అదే "నవంబర్ 9, 12 ఏఎం నుంచి" అని చెప్పి ఉంటే సగం మంది తొమ్మిదో తేదీ సాయంత్రం కూడా తీరిగ్గా కూర్చునేవాళ్లని నా అనుమానం.

ఒక కేసు చెప్తాను. సంక్రాంతి ముందు రద్దీ, రెగ్యులర్ బస్సులన్నీ నిండిపోయి స్పెషల్స్ వేస్తున్న రోజులు. స్పెషల్స్‌కి వేళాపాళా ఉండదు కదా, 12:40, 1:15 ఇలా పడుతుంటాయి. ఒకాయన భార్య, చిన్న పాపతో కలిసి కె.ఆర్.పురం హ్యాంగింగ్ బ్రిడ్జి దగ్గరికి శనివారం రాత్రి వచ్చాడు. ఆ రోజు నేను ఇంకో కుటుంబాన్ని ఎక్కించడానికి అక్కడే ఉన్నాను. బస్సు వచ్చింది, ఈయన బ్యాగులు డిక్కీలో పెట్టించేశాడు కూడా. క్లీనర్ ఫోన్ టార్చి వేసి చార్ట్ మీద వేలు పెట్టి కిందికి వెళ్తున్నాడు, పేరు దొరకడం లేదు. రెండు సీట్లూ వేరేవాళ్ల పేరున ఉన్నాయి. చివరికి డ్రైవర్ ఫోన్ తీసుకుని చూసి, "ఇది నిన్న పోయిన బండి సార్. మీకు నిన్న రాత్రి ఫోన్ కూడా చేసుంటారు" అన్నాడు. ఫోన్ వచ్చిన మాట నిజమే. తెలియని నంబరు అని ఆయన ఎత్తలేదు. శుక్రవారం సాయంత్రమే బండి నంబరు, డ్రైవర్ నంబరుతో మెసేజ్ కూడా వచ్చింది. "ఒకరోజు ముందే పంపారు, పర్లేదు మంచి ట్రావెల్సే" అనుకున్నారట. పాప నిద్రమత్తులో ఏడుస్తోంది, డిక్కీలోంచి బ్యాగులు మళ్లీ దింపారు. టికెట్ డబ్బులు మొత్తం పోయాయి, పండగ రద్దీలో ఇంకో బస్సుకి దాదాపు రెట్టింపు పెట్టారు.

ఆ మెసేజ్ విషయం మీరూ గుర్తుంచుకోండి. బస్సు నంబరు మెసేజ్ వచ్చిందంటే సాధారణంగా ఆ రాత్రే ప్రయాణం. ఎవరూ ఒక రోజు ముందు బండి నంబరు పంపరు. ముందు రోజు ఏ బండి ఏ రూట్‌లో వేస్తారో వాళ్లకే తెలియదు.

దీన్ని ఇంకాస్త చిక్కు చేసే సంగతి బెంగళూరులో ఉంది. ఇక్కడి బస్సులు ఒకచోట ఎక్కించుకుని వెళ్లిపోవు. నెల్లూరు బస్సు ఎలక్ట్రానిక్ సిటీలో పదిన్నరకు బయల్దేరితే బొమ్మనహళ్లి, సిల్క్ బోర్డ్, మారతహళ్లి తిరిగి కె.ఆర్.పురం చేరేసరికి పన్నెండు దాటుతుంది. అంటే ఒకే బస్సు, ఒకే రాత్రి. సిల్క్ బోర్డ్‌లో ఎక్కే మీ ఫ్రెండ్ టికెట్ మీద శుక్రవారం 13, మీ టికెట్ మీద శనివారం 14. ఇద్దరూ కలిసి వెళ్దామనుకుని విడివిడిగా బుక్ చేసుకుంటే "నీది రేపటిది, నాది ఇవాళ్టిది" అని కంగారుపడి ఒకరు క్యాన్సిల్ చేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. కొన్ని టికెట్ల మీద అయితే పైన పెద్ద అక్షరాల్లో బస్సు మొదలయ్యే తేదీ, కింద చిన్న అక్షరాల్లో మీరు ఎక్కే తేదీ, గంట ఉంటాయి. రెండూ వేరుగా కనబడితే మీ బోర్డింగ్ పాయింట్ ఎదురుగా రాసిన తేదీ, గంటనే పట్టుకోండి, పైదాన్ని వదిలేయండి. అక్కడ గంట మాత్రమే ఉండి తేదీ లేకపోతే, పైన ఉన్నది బస్సు మొదలైన తేదీ అయ్యే అవకాశం ఎక్కువ. అంటే "ప్రయాణ తేదీ 13, కె.ఆర్.పురం 12:20 ఏఎం" అని ఉంటే 13 రాత్రే, తెల్లవారితే 14. ఇలాంటి టికెట్ చేతికొస్తే మాత్రం ఊహించుకోకుండా ఆపరేటర్‌కి ఫోన్ చేసి "మీ బండి శుక్రవారం రాత్రి ఎలక్ట్రానిక్ సిటీలో మొదలయ్యేదేనా?" అని అడగండి. "14వ తేదీ బండేనా?" అని అడిగారనుకోండి, అవతలివాడు కూడా మీలాగే తికమకపడి ఔనంటాడు.

అన్నట్టు, 11:50 పీఎం బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని 12:30కి వచ్చిందనుకోండి, అప్పటికి తేదీ మారినా టికెట్ తేదీ మారదు. "డేట్ అయిపోయింది కదా, టికెట్ చెల్లుతుందా" అని పికప్ పాయింట్ నుంచి నాకు ఫోన్ చేసేవాళ్లున్నారు. చెల్లుతుంది. టికెట్ మీద ఉండేది బయల్దేరాల్సిన వేళ, అంతే.

రైలు విషయంలో 24 గంటల లెక్క కాబట్టి ఏఎం, పీఎం గొడవ లేదు. తేదీ గొడవ మాత్రం అలాగే ఉంది. యశ్వంత్‌పూర్‌లో రాత్రి పదకొండుకి కదిలిన రైలు ధర్మవరం చేరేసరికి తేదీ మారిపోతుంది. ధర్మవరంలో ఎక్కేవాళ్లు వాళ్ల స్టేషన్లో రైలు కదిలే తేదీతో వెతకాలి, టికెట్ మీద కూడా ఆ తేదీయే ఉంటుంది. తత్కాల్ దగ్గర ఇంకో మెలిక. తత్కాల్ తెరుచుకునేది రైలు మొదలయ్యే స్టేషన్లో బయల్దేరే తేదీకి ఒక రోజు ముందు. రైలు 13 రాత్రి మొదలై మీ స్టేషన్‌కి 14న 00:30కి వచ్చేదయితే తత్కాల్ 12వ తేదీ పొద్దున తెరుచుకుంటుంది, ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. 13 పొద్దున కూర్చుంటే వెయిటింగ్ లిస్టే.

ఫ్లైట్ గురించి ఒక్క ముక్క. బెంగళూరు నుంచి విదేశాలకు వెళ్లే విమానాలు కొన్ని అర్ధరాత్రి దాటాకే బయల్దేరతాయి. 14న 01:30 ఫ్లైట్ అంటే మూడు గంటల ముందు రిపోర్టింగ్, అంటే 13 రాత్రి పదిన్నర, అంటే మారతహళ్లి నుంచి ట్రాఫిక్ లెక్క వేసుకుంటే 13 రాత్రి ఎనిమిదింటికే ఇల్లు కదలాలి. తేదీ పొరపాటు జరిగేది ఎక్కువగా క్యాబ్ దగ్గర. ఫ్లైట్ తేదీ చూసి క్యాబ్‌కి కూడా 14 అనే పెట్టేస్తారు. ఇక్కడే ఏఎం, పీఎం తప్పు కూడా దొర్లుతుంది. ఒక కస్టమర్ అమెరికా వెళ్లే వాళ్ల అమ్మగారి కోసం "12:30 పీఎం" అని క్యాబ్ పెట్టాడు. ఆయన ఉద్దేశం రాత్రి. మిట్టమధ్యాహ్నం డ్రైవర్ వచ్చి గేటు దగ్గర హారన్ కొడుతుంటే ఆవిడ ఇంకా ఆవకాయ జాడీ మూతకి గుడ్డ కడుతున్నారు. అయితే ఇది మంచికే జరిగిన తప్పు, రాత్రికి ఇంకో క్యాబ్ పెట్టుకునే టైమ్ దొరికింది. ఇటునుంచి అటు తప్పితేనే కష్టం.

ఫారాలు, ఫీజుల చివరి తేదీలకి కూడా ఇదే లెక్క. "30వ తేదీ రాత్రి 12 వరకు" అంటే 30 మొత్తం మీ చేతిలో ఉన్నట్టు. "30వ తేదీ 12 ఏఎం వరకు" అంటే 29తోనే అయిపోయింది. నీట్, జేఈఈ లాంటి పరీక్షల నోటీసుల్లో రాత్రి 11:50 వరకు అని వేయడం మీరు చూసే ఉంటారు. పదినిమిషాలు వదులుకుంటే ఈ వాదనే ఉండదు. బండి ఇన్సూరెన్స్ మీద "14 మిడ్‌నైట్ వరకు" అని ఉంటే 14 రోజంతా చెల్లుతుంది, 15 పొద్దున పోలీసులు ఆపితే చెల్లదు.

మా కౌంటర్లో నేనేం చేస్తానంటే, అర్ధరాత్రి తర్వాత బస్సయితే టికెట్ వాట్సాప్ చేసినప్పుడు కింద తెలుగులో ఒక లైన్ టైప్ చేస్తాను: "శుక్రవారం రాత్రి 12:20, తెల్లవారితే శనివారం. శుక్రవారం రాత్రి 11:45కి పికప్ దగ్గర ఉండండి." ఏఎం, పీఎం రాయను. తేదీ అంకె కూడా రాయను, టికెట్‌లో ఎలాగూ ఉంది. వారం పేరు, రాత్రి అనే మాట, తెల్లవారితే ఏ వారమో, ఈ మూడూ ఉంటే తప్పు పోవడం నేను ఇంతవరకు చూడలేదు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి మీరు టికెట్ తీసి పంపేటప్పుడు కూడా ఇలాగే రాయండి. ఉత్త స్క్రీన్‌షాట్ పంపి ఊరుకోవద్దు. ఫోన్ గడియారాన్ని 24 గంటలకు మార్చుకోవడం కూడా మంచిదే, అయితే అది ఏఎం, పీఎం జబ్బుకే మందు, తేదీ జబ్బుకి పనిచేయదు.

ఇక మీ సంగతి. మీకు శనివారం ఆఫీసు ఉంది, ఆదివారం పొద్దునకి నెల్లూరులో ఉండాలి. అంటే మీకు కావాల్సింది శనివారం రాత్రి బస్సు. అది టికెట్ మీద "ఆదివారం 15, 12:20 ఏఎం" అని కనబడుతుంది. లేదా శనివారం 14 తేదీతోనే రాత్రి పది, పదకొండుకి కె.ఆర్.పురం వచ్చే బస్సు ఏదైనా చూసుకోండి. నేనైతే రెండోదే తీసుకుంటాను. నిశ్చితార్థం పొద్దునే కాబట్టి ఒక గంట ముందు చేరినా మేలే, పైగా పలమనేరు ఘాట్‌లోనో తిరుపతి దగ్గరో బండి ఆగినా కంగారుండదు.

చేతిలో ఉన్న టికెట్‌ని ఊరికే వదిలేయకండి. క్యాన్సిలేషన్ గంటలు బస్సు బయల్దేరే వేళ నుంచి వెనక్కి లెక్కిస్తారు. పన్నెండు గంటల ముందు వరకు సగం తిరిగిస్తామని రూల్ ఉంటే, మీ బస్సుకి ఆ గడువు శుక్రవారం మధ్యాహ్నం 12:20తో అయిపోతుంది. శనివారం పొద్దున తీరిగ్గా క్యాన్సిల్ నొక్కితే సున్నా. క్యాన్సిల్ చేసేముందు ఆపరేటర్‌కి ఒకసారి ఫోన్ చేసి డేట్ మార్చడానికి కుదురుతుందేమో అడగండి. కొందరు కొద్ది చార్జీతో అదే సర్వీసులో మర్నాటికి మారుస్తారు, క్యాన్సిల్ కంటే అది చవక. అడిగేటప్పుడు "శుక్రవారం రాత్రి బండిలో ఉన్నాను, శనివారం రాత్రి బండికి మార్చండి" అనే అడగండి. మార్చాక కొత్త టికెట్ మీద 15 పడిందో లేదో ఫోన్ పెట్టేయకముందే చూసుకోండి.